తవుల్ చర్చికి కర్ర కప్పు ఎందుకు?

స్పెయిన్‌లో కతలోనియా కొండల మధ్య, బోయ్ లోయలోని తవుల్ అనే పల్లెలో సాంత్ క్లిమెంట్ చర్చి ఉంది. 1123 డిసెంబర్ 10న ప్రతిష్ఠించారు. మర్నాడే అదే ఊళ్లో సాంతా మరియా చర్చిని కూడా! అంత చిన్న ఊరికి రెండు చర్చిలు కట్టే డబ్బు ఎక్కడిది?

ఇంకో సందేహం. లోపల గుండ్రటి రాతి స్తంభాలు, పైన మాత్రం కర్ర కప్పు. తూర్పున ఉన్న మూడు అర్ధవృత్తాకార గర్భాలయాలకేమో రాతి కప్పే. పక్కనే అంతస్తులు అంతస్తులుగా లేచిన గంటల గోపురం చూస్తే ఆ పనివాళ్ల నైపుణ్యం మీద అనుమానమే రాదు. మరి మిగతా భాగానికి కర్ర ఎందుకు? ఖర్చు తగ్గించడానికా, గోడల మీద బరువు పడకుండానా?

ఈ చర్చిలో ఉండే క్రీస్తు కుడ్యచిత్రం అసలుది ఇప్పుడు బార్సిలోనా మ్యూజియంలో ఉంది కదా, ముందు ఏది చూడమంటారు, చర్చినా, మ్యూజియాన్నా? ఆర్కిటెక్చర్ చదివినవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.