అర్గ్వెయో గురించి తెలిసినవాళ్ళు చెప్పండి (పిల్లాడి ప్రాజెక్టు)

రెడ్‌వుడ్_అమ్మ: మావాడి నాలుగో తరగతి ప్రాజెక్టుకి హోసే దారియో అర్గ్వెయో వచ్చాడు. మామూలు సిపాయి కాలిఫోర్నియా గవర్నర్ దాకా ఎలా వెళ్ళాడు? స్పెయిన్‌లో ఏ ఊరు? కోట బొమ్మకి పచ్చి ఇటుకలు ఎవరైనా చేశారా?

పాత_చింతకాయ: స్పెయినేంటండీ! పుట్టింది 1753లో, మెక్సికోలోని కెరెతారోలో. రాజుగారి పటాలంలో చేరితే స్పెయిన్‌వాడైపోతాడా? ఆ లెక్కన బ్రిటిష్ సైన్యంలో చేసిన మా ముత్తాత ఇంగ్లీషువాడు.

సుబ్బు_సన్నీవేల్: ‘అర్గ్వెల్లో’ అనండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన పేరున్న రోడ్డు మీదే రెండేళ్ళు అద్దెకున్నా. పార్కింగ్ దొరికితే ఒట్టు.

కోట_గైడు: పదేళ్ళుగా ప్రెసిడియో (శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాత స్పానిష్ కోట) చూపిస్తున్నా, నాకా చెప్తారు? స్పానిష్‌లో రెండు ‘ఎల్’లు కలిస్తే ‘య’. మనిషి 1781లో లాస్ ఏంజెలస్‌కి జనాన్ని తెచ్చిన దండులో సార్జెంటు. 1786లో ఆ ఊరివాళ్ళకి పట్టాలిచ్చిందీ ఆయనే. పుచ్చుకున్నవాళ్ళకి సంతకం రాక శిలువ గుర్తు పెట్టారు. మరుసటేడు శాన్‌ఫ్రాన్సిస్కో కోటకి కమాండెంట్. 1814లో గవర్నర్ పోతే ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నాడు.

సుబ్బు_సన్నీవేల్: ముందు మీరు ‘లోస్ ఆంహెలెస్’ అనండి సార్, తర్వాత మాకు పాఠం చెబుదురు.

కోట_గైడు: మీలాంటివాళ్ళకి చెప్పడం నాదే బుద్ధితక్కువ.

వానజల్లు: కూతురు కొన్సెప్సియోన్‌ని అందరూ వదిలేశారేం? 1806లో రష్యా నుంచి రెజానొవ్ అనే అధికారి వచ్చాడు, ఆమెతో పెళ్ళి నిశ్చయమైంది. తిరుగుదారిలో సైబీరియాలో చనిపోయాడు. ఆమె పెళ్ళే చేసుకోలేదు, చివరికి సన్యాసిని అయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

పాత_చింతకాయ: ప్రేమా లేదు దోమా లేదు. అలాస్కాలోని సిట్కాలో రష్యన్లు ఆకలితో చస్తుంటే ధాన్యం కోసం వచ్చాడు. ఆయనకి 42, పిల్లకి 15.

వానజల్లు: మీకు మనసు లేదండీ.

బెల్మాంట్_బాబాయ్: కొడుకు లూయిస్ కూడా గవర్నరే, అదెవరూ అనరు. మా బెల్మాంట్, శాన్ కార్లోస్, రెడ్‌వుడ్ సిటీ అన్నీ వీళ్ళ రాంచో (పశువుల ఎస్టేటు)లోవే, 35 వేల ఎకరాలు. పేరు ‘పుల్గాస్’, అంటే కుక్కల ఒంటి మీద గెంతే పురుగులు. ఇన్ని లక్షల డాలర్లు పోసి పురుగుల దొడ్లో ఇల్లు కొన్నాం. అంతకుముందు ఆ నేల ఓలోనీలది (ఇక్కడి ఆదివాసులు), అదీ రాయించమ్మా మీవాడితో.

రెడ్‌వుడ్_అమ్మ: అందరికీ థాంక్స్. అదంతా రాసుకున్నాడు. ఇటుకల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఓవెన్‌లో పెడితే అన్నీ పగిలాయి.

బెల్మాంట్_బాబాయ్: గడ్డి కలిపారా?

రెడ్‌వుడ్_అమ్మ: లేదు బాబాయ్ గారూ. గడ్డి కూడా కలపాలా?