పరంజా మీద నుంచి పడ్డ మా బావకు పరిహారం ఎలా అడగాలి?

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా. మా బావ హైదరాబాద్‌లో ప్లాస్టరింగ్ మేస్త్రీ. 2025 మార్చిలో మూడో అంతస్తు బయటి గోడకు పని చేస్తుండగా పరంజా మీది చెక్క పలక జారి కింద పడ్డాడు. బెల్టు లేదు, కింద వల లేదు. నడుము ఎముక విరిగితే రాడ్లు, స్క్రూలు వేశారు. ప్రాణం దక్కింది కానీ కాళ్లలో బలం లేదు. మూత్రానికి ఇప్పటికీ గొట్టమే. పుండ్లు పడకుండా రాత్రంతా రెండు గంటలకోసారి మా అక్కే లేచి పక్కకు తిప్పుతుంది.

కాంట్రాక్టరు మొదట్లో కొంత ఇచ్చి, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బిల్డరేమో ‘అతను మా మనిషి కాదు’ అంటున్నాడు. ప్రమాదం జరిగినప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం కాంట్రాక్టరు కింది కూలీకి కూడా అసలు యజమాని బాధ్యుడేనని, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలని చదివాను. ఆ గడువు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

బావకు లేబర్ కార్డు లేదు. హాజరు పుస్తకం వాళ్ల దగ్గరే ఉంది. మా చేతిలో ఉన్నవి వారం వారం ఫోన్‌పేలో పడిన కూలి డబ్బుల వివరాలు, ఆసుపత్రి కాగితాలు. పోలీసు కేసు పెట్టాలన్న ధ్యాసే అప్పుడు లేదు.

ఇవి సాక్ష్యానికి సరిపోతాయా? దరఖాస్తు మా జిల్లాలోనే పెట్టొచ్చా? వైకల్య శాతం ఎవరు రాసిస్తే చెల్లుతుంది? ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.