కాన్పు తర్వాత రక్తస్రావం ఆగాలంటే పొట్ట మర్దన చేస్తూనే ఉండాలా?

ప్రశ్న (స్టాఫ్ నర్సు)
అందరికీ నమస్కారం. ఇటీవలే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరాను. బిడ్డ పుట్టిన నిమిషంలోపే తల్లికి, గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందును 10 యూనిట్లు కండకు ఇవ్వాలని శిక్షణలో నేర్చుకున్నాను. ఇక్కడ ఆ ఇంజెక్షన్ ఇచ్చిన తర్వాత కూడా చాలాసేపు పొట్టను నొక్కుతూనే ఉంటారు. బాలింతలు ఆ నొప్పికి అల్లాడిపోతున్నారు. ఇది నిజంగా అవసరమా? కరెంటు తరచూ పోయే చోట మందు పాడవకుండా ఎలా చూసుకోవాలో కూడా పెద్దలు చెప్పగోరుతున్నాను.

జవాబు (మిడ్‌వైఫరీ శిక్షకురాలు)
అమ్మా, ఆక్సిటోసిన్ అందిన తల్లికి ముందుజాగ్రత్త పేరుతో అదేపనిగా మర్దన చేయనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. మీరు చేయవలసింది పరీక్ష. మొదటి రెండు గంటలూ పావుగంటకొకసారి పొట్టపై చేయి పెట్టి, గర్భసంచి బంతిలా గట్టిగా తగులుతోందో లేదో చూడండి. మెత్తబడినట్లు తెలిస్తే అప్పుడు మర్దన మొదలుపెట్టి వెంటనే డాక్టరును పిలవండి. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి సరిగా ముడుచుకోదు కనుక, తల్లి చేత మూత్రవిసర్జన చేయించండి.

ఇంజెక్షన్‌కు ముందు కడుపులో మరో బిడ్డ లేదని నిర్ధారించుకోవాలి. బొడ్డుతాడును ఒకటి నుంచి మూడు నిమిషాల తర్వాత కత్తిరించి, గర్భసంచి ముడుచుకున్నప్పుడు మాత్రమే, ఒక చేతిని పొత్తికడుపుపై ఆనించి గర్భసంచిని పైకి నిలిపి, రెండో చేత్తో తాడును నెమ్మదిగా కిందికి లాగాలి. మాయ కదలకపోతే బలవంతం చేయకూడదు. తాడు తెగవచ్చు, గర్భసంచే తిరగబడవచ్చు. మాయ వచ్చాక రెండు అరచేతులపై పరచి, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందేమో మంచి వెలుతురులో చూడండి. బిడ్డ క్షేమంగా పుట్టిందన్న హడావిడిలో ఈ పనిని దాటవేయడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

జవాబు (ఫార్మసిస్టు)
ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడికి దాని శక్తి తగ్గిపోయినా చూపుకు ఏ తేడా తెలియదు, అదే అసలు ప్రమాదం. కరెంటు లేనప్పుడు ఐస్‌ప్యాకుల పెట్టెలో, మంచుకు నేరుగా తగలకుండా భద్రపరచండి. ఆక్సిటోసిన్ అందుబాటులో లేకపోతే దానికి బదులుగా మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాములు నోటి ద్వారా ఇవ్వవచ్చు. వణుకు, జ్వరం రావచ్చని తల్లికి ముందే చెప్పండి.

జవాబు (ఏఎన్‌ఎం)
రక్తాన్ని కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువగానే లెక్కిస్తాము. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలో జరిగిన, 2023లో ప్రచురితమైన ఈ-మోటివ్ అధ్యయనంలో, కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటును తల్లి కింద పరచి రక్తాన్ని కొలిచి, ఎక్కువవుతోందని తెలిసిన వెంటనే మర్దన, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి ప్రారంభించారు. తీవ్ర రక్తస్రావం, దాన్ని ఆపడానికి పొట్ట కోసి చేసే ఆపరేషన్, దాని వల్ల మరణం, ఈ మూడింటినీ కలిపి లెక్కిస్తే 60 శాతం తగ్గాయి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. మా దగ్గర గర్భసంచిని ముడుచుకునేలా చేసే మరో మందు, మిథర్జిన్ కూడా ఉంది. ఆక్సిటోసిన్ అయిపోయినప్పుడు దాన్ని అందరికీ ఇవ్వవచ్చా?

జవాబు (మిడ్‌వైఫరీ శిక్షకురాలు)
ఇవ్వకూడదమ్మా. అది రక్తపోటును పెంచుతుంది. బీపీ ఎక్కువగా ఉన్నవారికి, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదకరం. కాన్పు గదిలోకి రాగానే బీపీ చూసి కేసు షీటులో రాసి ఉంచితే, ఆ క్షణంలో తడబాటు ఉండదు.