రెండు బ్యాటరీలు, ఒక డైనమో మార్చినా ఛార్జింగ్ నిలవని పాత 207

హాలియా_బత్తాయి:

అన్నలకు నమస్తే. మాది హాలియా దగ్గర ఊరు, ఏడెకరాల బత్తాయి తోట. మా నాయిన 2004లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న టాటా 207 పికప్ బండి ఇప్పటికీ మాతోనే ఉంది. 1997 మోడల్, డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్ రాకముందుది, పొద్దున ఇంజిన్ హీటర్ వేసి స్టార్ట్ చేయాల్సిన రకం. డ్రైవర్ డోర్ లోపలి రేకు మీద నాయిన పెన్సిల్‌తో రాసిన డీజిల్ లెక్కలు ఇంకా చెరగలేదు. అందుకే అమ్మమని చెప్పేవాళ్లు దయచేసి ఈ పోస్టు వదిలేయండి.

సంగతి ఏంటంటే బండికి ఛార్జింగ్ నిలవట్లేదు. డిసెంబర్‌లో బ్యాటరీ మార్చాను. పదిహేను రోజులు బాగుంది, తర్వాత మళ్లీ సెల్ఫ్ అందుకోలేదు. జనవరిలో ఎలక్ట్రీషియన్ డైనమో పోయిందని చెప్పి రీకండిషన్‌ది వేశాడు (ఆల్టర్నేటర్ అనాలట, మా దగ్గర అందరికీ అది డైనమోనే). అదీ రెండు వారాలే. ఫిబ్రవరిలో "డైనమో కొత్తదే కదా, బ్యాటరీ దెబ్బతిని ఉంటుంది" అని ఇంకో బ్యాటరీ వేయించాడు. ఇన్నిసార్లు వెళ్తే ఒక్కసారి కూడా మీటర్ బయటికి తీయలేదు. స్క్రూడ్రైవర్‌తో టెర్మినల్ మీద నిప్పురవ్వలు తెప్పించి చూసి చెప్పడమే.

మొన్న కత్తెర కాపు బత్తాయి లోడ్ చేసుకుని రాత్రి పదింటికి బయలుదేరాను. హైదరాబాద్ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం పోయినప్పటి నుంచి మాకు దారి కొంచెం తగ్గింది, అదొక్కటే సుఖం. నార్కట్‌పల్లి దాకా లైట్లు బాగానే ఉన్నాయి. చిట్యాల దాటాక పసుపు రంగుకు వచ్చాయి. హారన్ కొడితే గొర్రెపిల్ల అరిచినట్టు వచ్చింది. పంతంగి టోల్ దగ్గర లైన్‌లో ఉన్నప్పుడు అలవాటు కొద్దీ ఇంజిన్ ఆపాను. ఇక టక్, టక్, అంతే. వెనక లారీ వాళ్లు తిట్టుకుంటూనే దిగి నెట్టారు, పాపం. మార్కెట్ చేరేసరికి వేలం అయిపోయింది. మిగిలిన బేరానికి ఎంత వస్తే అంతకు ఇచ్చి వచ్చాను.

బోరు మోటార్ ఆగితే ముందు ఫ్యూజులు, తర్వాత స్టార్టర్ డబ్బా, ఆ తర్వాతే మోటార్ పైకి తీస్తాం. దీనికి ఎక్కడ మొదలుపెట్టాలి? మీటర్ కొన్నాను. వాడటం కొద్దిగా వచ్చు.

నాగర్‌కర్నూల్_కుర్రోడు:

బ్యాటరీ లోకల్‌ది అంటగట్టి ఉంటారు అన్నా. మంచిది చూసి వేయి, సెట్ అవుతుంది.

హాలియా_బత్తాయి:

రెండు వేశాను తమ్మీ. మూడోది కూడా వేయమంటావా?

జడ్చర్ల_పాత_డ్రైవర్:

బిడ్డా, నేను ముప్పై ఏళ్లు లారీ, జీపు అన్నీ నడిపినవాణ్ణి. దీనికి మీటర్ ఎందుకు? బండి స్టార్ట్ చేసి, నడుస్తుండగా బ్యాటరీ వైరు ఒకటి పీకు. ఇంజిన్ ఆగకుంటే డైనమో మంచిదే, బ్యాటరీ చెడ్డది. ఆగిపోతే డైనమో చెడ్డది. ఒక్క నిమిషం పని.

మిర్యాలగూడ_ఆటో_ఎలక్ట్రికల్:

కాకా, పెద్దవారు, తప్పుగా అనుకోవద్దు. ఆ పరీక్ష పెట్రోల్ జీపులకు కటౌట్ డబ్బా (పాత రకం రెగ్యులేటర్), నిజం డైనమో ఉన్న రోజుల్లో నడిచింది. ఆల్టర్నేటర్ బండికి నడుస్తుండగా బ్యాటరీ పీకితే వోల్టేజ్ ఒక్కసారి ఎగిరి లోపలి డయోడ్లు (ఏసీ కరెంటును డీసీ చేసేవి), రెగ్యులేటర్ కాలిపోతాయి. మంచిదాన్ని కూడా చెడగొట్టి అప్పుడు చెడ్డదని తేలుస్తాం. ఇంకో మాట, ఇది డీజిల్. ప్లగ్గుకు నిప్పురవ్వ అవసరం లేని ఇంజిన్ బ్యాటరీ పీకినా నడుస్తూనే ఉంటుంది. ఆగలేదని డైనమో మంచిదని ఎలా అంటాం?

హాలియా అన్నా, మీటర్ కొన్నావు కాబట్టి సగం పని అయింది. నేను చెప్పినవి కొలిచి అంకెలు ఇక్కడ రాయి. ఈలోపు ఏదీ కొనకు.

ముందు బ్యాటరీని బయట పూర్తిగా ఛార్జ్ చేయించి, రాత్రంతా వదిలేసి, పొద్దున ఏదీ ఆన్ చేయకముందు కొలువు. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.9 కంటే తక్కువంటే ఖాళీ, లేదా లోపల సెల్ పోయి ఉండాలి. తర్వాత తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డ్ మీద బ్యాటరీ బొమ్మ లైటు వెలుగుతుందా చూడు. చాలామంది దాన్ని పట్టించుకోరు. ఆ చిన్న బల్బు గుండా పోయే కరెంటే ఆల్టర్నేటర్‌ను మేల్కొలుపుతుంది. బల్బు మాడితే కొన్ని బండ్లలో గట్టిగా రేస్ ఇస్తే గాని ఛార్జింగే మొదలవదు. వంద రూపాయలు కూడా కాని బల్బు కోసం డైనమోలు మార్చిన వాళ్లను చూశాను.

స్టార్ట్ చేశాక బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. హెడ్‌లైట్లు వేసి కొంచెం రేస్‌లో పెట్టినా 13.5 కంటే కిందకి రావద్దు. అదే సమయంలో మీటర్ ఒక మొన డైనమో వెనక లావు బోల్టుకు, ఇంకో మొన బ్యాటరీ ప్లస్‌కు పెట్టు. 0.3 లోపు ఉండాలి. డైనమో బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య 0.2 లోపు. ఎక్కువ వస్తే వైరులోనో అర్థింగ్‌లోనో తుప్పు ఉంది, డైనమో తప్పు కాదు.

బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటర్ దిగాలి. అంతకంటే ఎక్కువ దిగితే వదులు.

మీటర్‌ను ఏసీలో పెట్టి బ్యాటరీ మీద చూసి డయోడ్ లీకేజీ పట్టొచ్చు, అర వోల్టు దాటితే అనుమానమే. కానీ చవక మీటర్లు కొన్ని మామూలు బ్యాటరీ మీద కూడా ఏసీలో 25, 28 అని చూపిస్తాయి. నీది అట్లాంటిదైతే భయపడకు, ఆ పరీక్ష వదిలేయి.

చివరగా, అన్నీ ఆపేసి మైనస్ వైరు తీసి, మధ్యలో మీటర్‌ను 10 ఆంప్స్‌లో పెట్టు. ఈ బండికి కంప్యూటర్ లేదు, కాబట్టి దాదాపు సున్నా రావాలి. మీటర్ అట్లా ఉండగా హీటర్ గాని సెల్ఫ్ గాని ముట్టుకోవద్దు, మీటర్ ఫ్యూజు పోతుంది.

జడ్చర్ల_పాత_డ్రైవర్:

సరే, నేను వైరు పీకమన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ అర్థింగ్ చూడమని నేనూ అంటా. ఇంజిన్ నుంచి చాసీకి పోయే అల్లిన పట్టీ ఎన్ని బండ్లను రోడ్డు మీద నిలబెట్టిందో లెక్కలేదు.

హాలియా_బత్తాయి:

నాలుగు రోజులు పట్టింది, కూలీలు ఉన్నప్పుడు బండి దగ్గర కూర్చోవడం కుదరదు. అంకెలు ఇవి.

పొద్దున 12.5. తాళం తిప్పితే లైటు వెలుగుతుంది, స్టార్ట్ చేయగానే ఆరిపోతుంది. స్లోలో 13.9. లైట్లు వేసి రేస్ ఇస్తే 13.7. డైనమో నుంచి బ్యాటరీకి 0.1, అర్థింగ్ కూడా 0.1. బెల్టు బాగుంది. అన్నీ ఆపితే 0.02 ఆంప్స్, అది కూడా టేప్‌రికార్డర్‌ది, దాని వైరు తీస్తే సున్నా.

ఇదంతా చూసి ఏ రోగమూ లేదనుకున్నాను. అయినా అనుమానం పోక పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకుని నల్లగొండ దాకా పోయాను. ఎదురొచ్చిన ప్రతివాడూ లైట్లు ఆపమని చేతితో సైగ చేయడమే. క్లాక్ టవర్ దగ్గర పక్కకు ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే కొలిస్తే 12.2! డ్యాష్‌బోర్డ్ లైటు కూడా మిణుకు మిణుకుమంటోంది, ఎండలో చేతులు అడ్డం పెట్టుకుని చూస్తే గాని కనబడదు. మా చిన్నమ్మ వాళ్లింట్లో అన్నం తిని రెండు గంటల తర్వాత స్టార్ట్ చేస్తే 13.4 వచ్చింది. తిప్పర్తి వచ్చేసరికి మళ్లీ పడిపోయింది.

అంటే చల్లగా ఉంటే చేస్తుంది, వేడెక్కితే మానేస్తుంది.

ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో. ఈ రెండు మూడు నెలల్లో బ్రేక్ పెడల్ కూడా గట్టిపడింది. లైనర్లు మార్పించాను, పెద్దగా తేడా లేదు. డైనమో కింద చాసీ అంతా నూనె, దుమ్ము పట్టి ముద్దలాగా ఉంది. టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) కారుతుందని వదిలేశాను. వారానికి అరలీటర్ ఇంజిన్ ఆయిల్ పోస్తున్నా.

మిర్యాలగూడ_ఆటో_ఎలక్ట్రికల్:

అన్నా, చివరి నాలుగు లైన్లు ముందే రాసి ఉంటే నేను అంత పెద్ద వ్యాసం రాసేవాణ్ణి కాదు!

నీ డైనమో వెనక భాగంలో గుండ్రటి పంపు ఒకటి ఉంటుంది చూడు. అది వ్యాక్యూమ్ పంపు. డీజిల్ ఇంజిన్‌లో పెట్రోల్ దానిలాగా మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) నుంచి గాలి గుంజుడు దొరకదు, అందుకని పెడల్‌ను తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కు ఈ పంపు కావాలి. డైనమో షాఫ్టే దాన్ని తిప్పుతుంది. దానికి సన్న పైపుతో ఇంజిన్ ఆయిల్ వస్తుంది, లావు పైపుతో తిరిగి ఇంజిన్ కింద ఉండే ఆయిల్ సంపులోకి పోతుంది. మధ్యలో ఒక ఆయిల్ సీల్. ఆ సీల్ దాటితే నూనె నేరుగా డైనమో లోపలికే. అక్కడ కార్బన్ పొడితో కలిసి కాటుకలాగా అవుతుంది. కార్బన్లకూ (బ్రష్‌లు), అవి రాసుకునే రింగులకూ మధ్య ఆ పొర చేరితే లోపలి కాయిల్‌కు కరెంటు అందదు, ఛార్జింగ్ పడిపోతుంది. పెడల్ గట్టిపడటం, ఆయిల్ తగ్గడం, ఛార్జింగ్ పోవడం, మూడూ ఒకే చోట నుంచి వస్తున్నాయి.

వేడెక్కాక కొలిచిన డ్రాప్ (వైరులో, అర్థింగ్‌లో పోయే వోల్టేజ్, నీ 0.1 లాంటి అంకెలు) ఉంటే దాన్ని నమ్మకు. కరెంటే పుట్టనప్పుడు డ్రాప్ తక్కువే కనిపిస్తుంది. నువ్వు చల్లగా ఉన్నప్పుడు 13.7 మీద కొలిచావు కాబట్టి వైరింగ్ నిజంగానే బాగుంది.

జనవరిలో డైనమో మార్చినప్పుడు పాత పంపునే తీసి దానికి బిగించి ఉంటారు, అడిగి చూడు. కానీ సీల్ ఒక్కటి మార్చి ఊరుకోవద్దు. రెండు వారాలకే మళ్లీ తడుస్తుందంటే నూనె తిరిగి పోయే దారి మూసుకుంటోందేమో. దారి లేకపోతే నూనె సీల్‌ను నెట్టుకుని లోపలికే వస్తుంది. ఆ లావు పైపు వేడి మీద పట్టుకుని చూడు, మెత్తబడిందా, ఎక్కడన్నా నొక్కుకుపోయిందా.

అప్పటిదాకా డిప్‌స్టిక్ చూడకుండా బండి తీయకు. ఆ పైపు ఊడితే సంపు ఖాళీ అవుతుంది. అప్పుడు మనం మాట్లాడేది డైనమో గురించి కాదు, ఇంజిన్ గురించి.

హాలియా_బత్తాయి:

అన్నా, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఆ లావు పైపు నేను వేసిందే. దీపావళి ముందు పాతది పగిలి కారుతుంటే, ఆదివారం షాపులు లేవని, తోటలో మందు కొట్టే పంపు పైపు ముక్క కోసి క్లిప్పులు బిగించాను. లోపల దారం అల్లిక ఉన్న పైపు, ఎంత ప్రెషర్‌నైనా తట్టుకుంటుందని ధీమా. తర్వాత మార్చాలని అనుకుని మరిచిపోయాను. నిన్న ఇంజిన్ వేడెక్కాక పట్టుకుంటే ఉడికిన సొరకాయ ముక్కలాగా ఉంది. వంపు దగ్గర పూర్తిగా నొక్కుకుపోయింది. పాపం ఆ ఎలక్ట్రీషియన్‌ను మూడు నెలలుగా తిడుతున్నాను. (మీటర్ తీయనందుకు మాత్రం ఇంకా తిడతాను.)

డైనమో విప్పితే లోపల మీరు చెప్పినట్టే కాటుక. కార్బన్లు నూనెలో నాని ఉన్నాయి. మా ఊరి మోటార్ వైండింగ్ అతనే పెట్రోల్‌తో కడిగి, రింగులు సన్న ఎమరీ పేపర్‌తో రుద్ది, మీటర్‌తో చూసి కాయిల్ బాగుందన్నాడు. సీల్, కార్బన్లు, రెండు అడుగుల హోస్ అన్నీ కొత్తవి. లేబర్‌తో కలిపి నాకు 1,600 అయింది. రెండు బ్యాటరీలు, డైనమోకు పెట్టిన డబ్బు ఇక్కడ రాయను, ఇంట్లో వాళ్లు చూస్తారు.

రాత్రి లోడ్‌తో పోయాను. పంతంగి టోల్ దగ్గర లైట్లు, వైపర్ రెండూ వేసి చూస్తే 14.0. పెడల్ కూడా మెత్తబడింది. ఇంజిన్ మాత్రం ఆపలేదు, ధైర్యం చాలలేదు.

మిర్యాలగూడ_ఆటో_ఎలక్ట్రికల్:

సంతోషం. కొత్త హోస్ ఏది తెచ్చావు? షాపులో "పైపు" అని అడిగితే నీళ్ల పైపు కూడా ఇస్తారు. డీజిల్ ఇంజిన్ ఆయిల్ హోస్ అని చెప్పి, పాత ముక్క చూపించి తెచ్చుకోవాలి. లోపలి సైజు తగ్గినా ఇదే కథ. ఒక వెయ్యి కిలోమీటర్లు పోయాక డైనమో కింద తుడిచి, మళ్లీ తడి ఉందా చూడు.

హాలియా_బత్తాయి:

నల్లగొండ నుంచి ఆయిల్ హోసే తెచ్చాను, సైజు సరిపోయింది. ఒక్క డౌట్. డిసెంబర్ బ్యాటరీ చెడిపోకుండానే మూలకు పడేసినట్టు ఉన్నాం కదా, ఛార్జ్ పెడితే 12.6 చూపిస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్‌కు పెట్టుకోవచ్చా?

మిర్యాలగూడ_ఆటో_ఎలక్ట్రికల్:

ఇన్వర్టర్‌కు వద్దు. బండి బ్యాటరీ సెల్ఫ్ కోసం ఒక్కసారిగా కరెంటు ఇవ్వడానికి చేసింది, గంటల తరబడి ఖాళీ చేస్తే తొందరగా పోతుంది. ఛార్జర్ తీసి ఒక రాత్రి వదిలేయి. పొద్దున 12.4 పైన ఉంటే, హెడ్‌లైట్ బల్బు ఒకటి పది నిమిషాలు వెలిగించి చూడు. వోల్టేజ్ పడిపోకపోతే ట్రాక్టర్‌కు పెట్టుకో, సైజు సరిపోతే.

జడ్చర్ల_పాత_డ్రైవర్:

ఆ మందు పంపు పైపు ఇంకా మిగిలి ఉంటే బండి దగ్గర పెట్టకు బిడ్డా. తోటలోనే ఉండనీ.