గాజువాక నుంచి మధురవాడకి ఇల్లు మారుతున్నాం, టెన్షన్ లేకుండా ఎలా ప్లాన్ చేసుకోవాలి?

గాజువాక_కోడలు:
అందరికీ నమస్కారం అండీ. మేం జూన్ మొదట్లో మధురవాడ షిఫ్ట్ అవుతున్నాం, 12న స్కూళ్ళు తెరిచేలోపు సర్దుకోవాలి, పైగా ఆషాఢం వస్తే అత్తయ్య గారు కదలనివ్వరు. ఇప్పుడున్నది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. డబుల్ బెడ్రూమ్ సామాను, రెండు ఏసీలు, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్, ఇనప బీరువా, వీటికి తోడు ఈ ఏడాది పెట్టిన ఆవకాయ జాడీలు. అత్తయ్య గారికి మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకి షిఫ్ట్ డ్యూటీ, అంటే సర్దేది దాదాపు నేనే. పంతులుగారు పాలు పొంగించడానికి తెల్లవారుజామున ముహూర్తం పెట్టారు, ఆ టైముకి సామానంతా అక్కడికి ఎలా చేరుతుందో అని ఇప్పట్నుంచే నిద్ర పట్టట్లేదు. ప్యాకర్స్ ని పిలవాలా, వ్యాను, సామాను మోసే కళాసీలు మాట్లాడుకుంటే సరిపోతుందా? ముందు ఏటి మొదలెట్టాలి?

సీతమ్మధార_పిన్ని:
అమ్మా, ముందు ఆ ముహూర్తం బెంగ వదిలెయ్. ముహూర్తం రోజూ లారీ రోజూ ఒకటే అవ్వాలని ఎక్కడా లేదు. మా ఇళ్ళల్లో అందరం చేసేది ఏంటంటే ఆ వేళకి దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, బియ్యం, పాలు, కొత్త గిన్నె, చిన్న స్టవ్ పట్టుకెళ్ళి పాలు పొంగించేసి తాళం వేసుకుని వచ్చేస్తాం, సామాను ఆ తర్వాత మీ ఆయనకి వీక్లీ ఆఫ్ ఉన్న రోజున తోలుకోవచ్చు. మీ అత్తయ్యగారితో ఈ మాట ఇవాళే చెప్పు, ఆవిడ మనసు కూడా కుదుటపడుతుంది. మధ్యలో వెళ్ళినప్పుడల్లా కర్టెన్ రాడ్లు, ఫ్యాన్లు, కుళాయిలు చూసుకోవచ్చు, ఖాళీ ఇల్లు కడుక్కోవడం ఎంత సులువో నీకు తెలిసిందే.

సర్దడం మాత్రం అటక మీద నుంచి మొదలెట్టు, వంటిల్లు ఆఖరున. అట్టపెట్టెలు మందుల షాపుల్లో, కిరాణా హోల్‌సేల్ కొట్లలో అడిగితే తక్కువకే ఇస్తారు, పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే ఇంకా బోల్డు. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే పెట్టు, పెద్దదాంట్లో పెడితే మూడంతస్తులు దింపేవాడి నడుం విరుగుతుంది, పాపం. పేరు పెట్టె పైన కాదు పక్కన రాయి, ఒకదాని మీద ఒకటి పేర్చాక పైన రాసింది ఎవరికీ కనపడదు. అదీ "గిన్నెలు" అని కాదు, కొత్తింట్లో ఏ గదిలోకి వెళ్ళాలో ఆ గది పేరు రాయి. వేసవిలో మన వైజాగ్ ఉక్కకి తడి ఆరని బట్టలు పెట్టెలో పెడితే ముక్కవాసన వచ్చేస్తాయి, అది చూసుకో. జాడీలకి నూనె పైకి తేలి ఉందో లేదో చూసి, కొత్త గుడ్డతో గట్టిగా వాసెన కట్టి, ఆటోలోనో కార్లోనో మీ కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకెళ్ళండి, లారీకి ఇవ్వొద్దు.

ఫ్రిజ్_ఏసీ_తమ్ముడు:
అక్కా నేను ఈ పనిలోనే ఉన్నాను. ఏసీ విప్పడం కళాసీలకి వదలకండి. మెకానిక్ వస్తే ఏసీ నడుస్తుండగా ముందు సన్న పైపు వాల్వ్ మూసి గ్యాస్ అంతా బయట యూనిట్లోకి లాగి, తర్వాత లావు పైపు వాల్వ్ మూస్తాడు. అలా చేస్తే గ్యాస్ పోదు, ఊరికే పైపు విప్పేస్తే మొత్తం గాల్లోకే, మళ్ళీ నింపించుకోవాలి. కరెంటు ఉండాలి కాబట్టి ఇది ముందు రోజే చేయించండి. ఫ్రంట్ లోడ్ కి వెనకాల ట్రాన్సిట్ బోల్టులు పెట్టాలి, లేకపోతే లోపల డ్రమ్ము ఊగి సస్పెన్షన్ పాడవుద్ది, కొన్నప్పుడు ఇచ్చినవి పోతే సర్వీస్ సెంటర్లో అడగండి. కొత్తింట్లో ఆన్ చేసే ముందు అవి తీసెయ్యడం మర్చిపోవద్దు. ఫ్రిజ్ ముందురోజే ఆపి మంచు కరిగించి తుడవండి, నిలబెట్టే తీసుకెళ్ళాలి, దింపాక కొన్ని గంటలు ఆగి ఆన్ చెయ్యండి. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా నిటారుగానే, లోపల యాసిడ్ ఉంటది.

ఎండాడ_వాసి:
ప్యాకర్సా కళాసీలా అంటే, లిఫ్ట్ లేని మూడో అంతస్తు, పెద్దావిడ, సర్దేది మీరొక్కరే అంటున్నారు కాబట్టి నా ఓటు ప్యాకర్స్ కే అండీ. కానీ ఫోన్లో చెప్పిన రేటు నమ్మొద్దు, మనిషి ఇంటికొచ్చి అటక, బాల్కనీతో సహా చూసి రాసిచ్చిందే రేటు. అందులో మెట్లకి ఎంత, మంచాలు విప్పి బిగించడానికి ఎంత, జీఎస్టీ కలిపా విడిగానా అన్నీ ఉండాలి, డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. నెలాఖరు, ఒకటో తారీకు, ఆదివారం వదిలేసి వారం మధ్యలో పెట్టుకుంటే బేరం కుదురుతుంది. టీవీ, బీరువా, సోఫా ఫోటోలు తీసి ఉంచండి. బంగారం, సర్టిఫికెట్లు, మందులు, బీరువా తాళాలు మీ చేతి సంచిలోనే.

కొత్త అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తో ముందే మాట్లాడి లిఫ్ట్ ఏ వేళ వాడుకోనిస్తారో, లారీ ఎక్కడ ఆపాలో తేల్చుకోండి. ఉదయం ఆరింటికే లోడింగ్ మొదలవ్వాలి, పాతిక కిలోమీటర్ల పైనే ఉంది, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటేసరికి ఎండ నెత్తి మీదకి వస్తుంది. పని చేసేవాళ్ళకి మజ్జిగ, మంచినీళ్ళు దండిగా ఉంచండి, ఆ ఉక్కలో బీరువా మోయడం మామూలు కష్టం కాదు.

గాజువాక_కోడలు:
పిన్నిగారూ, అత్తయ్య గారికి చెప్పాను, వెంటనే ఒప్పేసుకున్నారు, ఆవిడ మనసులోనూ అదే ఉందట! ఎంత తేలికైందో చెప్పలేను. మరి గ్యాస్, కరెంటు సంగతి?

ఎండాడ_వాసి:
నిండు సిలిండర్ ప్యాకర్స్ మామూలుగా ఎక్కించుకోరు. ఏజెన్సీ మారుతుంది కాబట్టి గ్యాస్ కంపెనీ యాప్ లోనో పాత ఏజెన్సీలోనో ట్రాన్స్‌ఫర్ పెట్టండి, ఒకే ఊరు కనుక సిలిండరు, రెగ్యులేటరు సరెండర్ చెయ్యక్కర్లేదు. రెండిళ్ళ మీటర్ రీడింగూ ఫోటో తీసి ఓనర్లకి వాట్సాప్ చెయ్యండి, అడ్వాన్స్ లెక్క దగ్గర మాట రాదు. గాజువాక నుంచి భీమిలి నియోజకవర్గంలోకి వస్తున్నారు కాబట్టి ఓటుకి ఫారం 8 పెట్టాలి, అదీ ఆధార్ అడ్రసూ సర్దుకున్నాక నిదానంగా చేసుకోవచ్చు, గ్యాస్ మాత్రం ఈ వారంలోనే పెట్టెయ్యండి.