చెరువు ‘మరవ పారింది’, ‘పొంగింది’, ‘పొర్లింది’: ఏది ఎక్కడ రాయాలి?

అనంతపురం_వార్తలు:
చెరువు నిండి నీళ్లు బయటికి పోతుంటే మా వైపు ‘మరవ పోతాంది’ అంటారు. అదే సంగతి పత్రికలో ‘పొంగి పొర్లుతున్న చెరువు’ అని వస్తుంది. చెరువు కింది ఊళ్లవాళ్లు ఆ శీర్షిక చదివి కట్ట తెగుతుందేమోనని హడలిపోతున్నారు. ఈ రెండు మాటలకూ అర్థంలో తేడా ఉందా, లేక ఒకటి పల్లె మాట, ఇంకొకటి పత్రిక మాట అనుకోవాలా? ఇంకో సందేహం కూడా. ‘ఆనందం పొంగింది’, ‘ఆనందం వెల్లివిరిసింది’ రెండూ అంటాం. ‘కోపం పొంగుకొచ్చింది’ అంటాం గానీ ‘కోపం వెల్లివిరిసింది’ అనం. ఎందుకని?

కట్టమీద_కడప:
తేడా ఉంది సార్, చాలా ఉంది. చెరువులో నీళ్లు దాటడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి మరవ. ఎక్కువైన నీళ్లు పోవడానికే కట్టకు ఒక కొసన రాతితో కట్టి వదిలిన చోటు అది. దాని తల మట్టమే చెరువు నిండు మట్టం. నీళ్లు అక్కడ దాటితే చెరువు నిండిందని, కట్టకు భారం తగ్గుతోందని అర్థం. ఊరంతా పసుపు, కుంకుమ, చీర తీసుకుపోయి గంగపూజ చేసేది అందుకే. రెండోది మట్టికట్ట తల. అక్కడ దాటితే మాత్రం ప్రమాదమే. మట్టికట్ట ముందు వైపు రాతి పరుపు ఉంటుంది, వెనక వాలుకు గడ్డి తప్ప ఏమీ ఉండదు. పైనుంచి దొర్లిన నీళ్లు వెనక వాలు అడుగున కోత మొదలుపెడతాయి, ఆ కోత పైకి ఎగబాకి గండి అవుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో నీళ్లు మట్టికట్ట మీదుగా దాటాకే కట్ట కొట్టుకుపోయింది. ‘పొర్లింది’ అనే మాటను ఇలాంటి దానికే ఉంచుకోవాలి.

లెక్క కూడా చెప్తాను, ఇది తెలిస్తే మరవ విలువ తెలుస్తుంది. తల వెడల్పుగా ఉన్న 100 అడుగుల పొడవు మరవ మీద అడుగు లోతు నీళ్లు పారితే సుమారు 300 క్యూసెక్కులు పోతాయి. రెండడుగుల లోతైతే 600 కాదు, సుమారు 870. లోతు రెట్టింపైతే పారే నీళ్లు మూడింతలకు దగ్గరగా పెరుగుతాయన్నమాట. ఇప్పుడు ఇంకో నెల నీళ్లు నిలబడాలని ఎవరైనా మరవ మీద అడుగు ఎత్తున ఇసుక మూటలు పేర్చారనుకోండి. చెరువులో నీళ్లు మునుపటి మట్టంలోనే ఉన్నా, పైన పారే లోతు రెండడుగుల నుంచి ఒక్కడుగుకు పడిపోతుంది. 870 పోవాల్సిన చోట 300 పోతాయి. మిగతావి చెరువులోనే ఎక్కి కట్ట తలను అందుకుంటాయి. మూటలు పేర్చింది మరవ మీద, తెగేది కట్ట. చేపలు పోకుండా మరవకు అడ్డం కట్టే వలలతోనూ ఇదే ముప్పు. కంప, చెత్త వచ్చి వలకు అతుక్కుంటే అది గోడలా నిలబడుతుంది. మరవ కింది కాలువలో కంపచెట్లు మొలిచినా నీళ్లు వెనక్కి తన్నుతాయి.

పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనంలో చెరువుకు ఆరు దోషాలు చెప్పారు. చోటు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం అందులో ఒకటి, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఇంకొకటి. కట్ట నుంచి నీళ్లు ఊరడం కూడా దోషమే అన్నారు. ఈ చివరిది ఇప్పటికీ పనికొచ్చే మాట. వెనక వాలులో ఊట తేటగా వస్తుంటే కనిపెట్టి చూడాలి, బురదగా వస్తుంటే వెంటనే చెప్పాలి. బురద అంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందని.

తెలుగుపంతులు_అనంత:
పై సమాధానం నీళ్ల సంగతి చెప్పింది కాబట్టి నేను మాట సంగతికి వస్తాను.

‘పొంగు’లో నీళ్లు బయట పడనక్కర్లేదు. లోపలి నుంచి పైకి లేవడమే దాని అసలు అర్థం. పూరీ పొంగుతుంది, ఒక్క చుక్క బయటికి రాదు. మన గుంత పొంగణాలు చూడండి: పిండి గుంతలో పోసి మూత పెడితే అంచులు గట్టిపడతాయి, నడుమ మాత్రం ఉబ్బుతుంది. ఆ ఉబ్బే దానికి పెట్టిన పేరది. అందుకే మనసులో పుట్టేవన్నీ పొంగుతాయి: సంతోషం, దుఃఖం, కోపం. పొగిడితే మనిషి పొంగిపోతాడు. దానికి ఎదురుమాట ‘కుంగు’, ఇవి రెండూ ఎత్తుకు సంబంధించిన మాటలే. నీళ్లకు వచ్చేసరికి ఏరు పొంగుతుంది, వంక పొంగుతుంది. చెరువు పొంగదు, నిండుతుంది. సీమలో ఏరు పొంగడాన్ని ‘ఏరు వచ్చింది’ అని ఊరుకుంటారు, నాకు దానికంటే మంచి మాట కనిపించదు. ఏడాదిలో చాలా నెలలు ఇసుకగా ఉండే ఏటికి రావడమే పెద్ద సంగతి.

‘పొర్లు’ అంటే దొర్లడం. గాడిద దుమ్ములో పొర్లుతుంది, భక్తులు గుడి చుట్టూ పొర్లుదండాలు పెడతారు. నీళ్లు అంచు మీదుగా దొర్లితే పొర్లినట్టు. ‘పొంగి పొర్లింది’ అన్నప్పుడు రెండు పనులు వరసగా జరిగాయి: పైకి లేచింది, అంచు దాటింది. జంటపదం కదా అని ఎక్కడపడితే అక్కడ అతికించకూడదు. ‘డబ్బులో పొర్లుతున్నాడు’ అనే మాట దొర్లడం నుంచి వచ్చింది, వరద నుంచి కాదు.

‘వెల్లి’ అంటే ప్రవాహం, దానికి ‘విరియు’ చేరింది. పువ్వు విరిసినట్టు నలుమూలలా పరుచుకోవడం. విరిసేది మంచిదే కావాలి గనక శాంతి, ఆనందం, సామరస్యం వెల్లివిరుస్తాయి, కోపం విరియదు. ‘వెల్లువెత్తు’కు ఆ పట్టింపు లేదు. విరాళాలు వెల్లువెత్తుతాయి, నిరసనలూ వెల్లువెత్తుతాయి. బయటినుంచి చాలామంది దగ్గరనుంచి వచ్చేదే వెల్లువ. ఒక్క మనిషి దుఃఖాన్ని వెల్లువ అంటే నప్పదు.

ఇక కోపానికి మన భాష ఎంచుకున్నది చెరువుకట్టనే. కోపం కట్టలు తెంచుకుంటుంది. నష్టం జరిగితే ఆదాయానికి గండి పడుతుంది. మరవ మాత్రం ఈ జాబితాలోకి రాలేదు. నిండినవాడు నెమ్మదిగా వదిలిపెట్టడాన్ని ‘మరవ పారడం’ అని రాయొచ్చు కదా అనిపిస్తుంది, ఎవరైనా రాస్తే బాగుండు.

హిందూపురం_కోడి:
మా మడకశిర, హిందూపురం వైపు కన్నడ గాలికి ‘కోడి పడింది’ అని కూడా వింటారు. పెట్ట, పుంజు కాదు, అది కన్నడంలో మరవకు పేరు. నెల్లూరు వైపు కలుజు, తెలంగాణలో మత్తడి. క్రియ కూడా మారుతుంది, గమనించండి: మరవ పారుతుంది లేదా పోతుంది, కోడి పడుతుంది, మత్తడి దుంకుతుంది. ‘మరవ దుంకింది’ అని రాస్తే ఏ ఊరి మాటా కాకుండా పోతుంది.

నందికొట్కూరు_చదువరి:
కర్నూలు వైపు అలుగు అంటాం. అలిగే ‘అలుగు’తో దీన్ని కలపకండి, అది వేరే మాట. ఇంకో జాగ్రత్త. అలుగు అంటే చెరువుదే కానక్కర్లేదు. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణకు అడ్డంగా అలుగు కట్టాలని 2016 మే 31న రైతులే శంకుస్థాపన చేశారు. అక్కడ అడిగేది నీళ్లు వదిలే చోటు కాదు, శ్రీశైలం జలాశయంలో మట్టం పడిపోయినా ఎగువన నీళ్లు ఆపి, మీదుగా పారనిచ్చే అడ్డుకట్ట. వార్తలో వట్టి ‘అలుగు’ అని వదిలేస్తే అనంతపురం పాఠకుడు చెరువు మరవ అనుకుంటాడు.

అనంతపురం_వార్తలు:
చాలా సంతోషం. మరి శీర్షిక ఎలా పెట్టమంటారు?

కట్టమీద_కడప:
‘నిండిన చెరువు, మరవ మీద అడుగు లోతు నీళ్లు’. లోతు తప్పకుండా రాయండి. ఆయకట్టు రైతుకు, దిగువ చెరువువాళ్లకు కావలసింది ఆ అంకే. ఇక్కడ మరవ దాటిన నీళ్లే కింది చెరువుకు పోయేది. ఏ వంక మీద ఏ దారి మునిగిందో రెండో వరుసలో. కట్ట తల మీదుగా నీళ్లు దాటితే అప్పుడు ‘పొర్లుతోంది’ అని రాయండి, ఎవరూ తేలిగ్గా తీసుకోరు.