దేశింగు రాజు పేరులో ‘దే’ ఎక్కడిది?

దేశింగు అంటే ‘దేశానికి సింగం’ అని నిన్న ఒకరు రాశారు. వినడానికి బాగుంది గానీ అసలు పేరు తేజ్‌సింగ్. బుందేలా రాజపుత్రుడు. తండ్రి స్వరూప్‌సింగ్ తమిళనాడులోని సెంజి (జింజీ) కోటకు మొగలుల కిల్లేదారు, అంటే కోట అధికారి.

తేజ్‌సింగ్ దేశింగు అయిందంటే మధ్యలో తమిళం ఉన్నట్టే. తమిళంలో త, ద రెంటికీ ఒకటే అక్షరం. ఇక్కడ చెన్నైలో దామోదరం అనే పేరు బోర్డు మీద చూసి, తెలియనివాడు ‘తామోతరం’ అని చదివినా తప్పు పట్టలేం. మాట మధ్యలో జ కాస్తా ‘స’ అవుతుంది. అలా తమిళుల నోట నలిగిన పేరే మన బుర్రకథల్లోకి వచ్చింది. ‘స’ను ‘శ’ చేసి ‘దేశం’ పక్కన కూర్చోబెట్టింది మాత్రం మనమే.

నాకు అసలు పేచీ ‘రాజు’ అన్న మాట దగ్గర; ఇతను రాజే కాడు. ఎనిమిదేళ్లు ముట్టడించి 1698లో మొగలు సేనాని జుల్ఫికర్ ఖాన్ సెంజిని పట్టాడు. కోటకు నుస్రత్‌గఢ్ అని పేరు పెట్టారు. చుట్టుపక్కల సీమ కాపలా దండు నడిపే ఫౌజుదారుది, కోట లోపలి ఫిరంగులూ మందుగుండూ కిల్లేదారువి. కోటా దండూ ఒకే చేతిలో పడితే ఎదురుతిరుగుతారని పాదుషాల భయం. కిల్లేదారీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి కాదు, కొత్త సనదు (పాదుషా ఇచ్చే నియామక పత్రం) కావాలి. 1714లో స్వరూప్‌సింగ్ పోయాక కొడుకు కోటలో కూర్చున్నాడు. ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ పాత బకాయిలు కట్టమన్నాడు, ఇతను కట్టనన్నాడు. మన ఆఫీసు భాషలో అరియర్స్ గొడవ! ఆ ఏడే యుద్ధంలో కుర్రవాడి ప్రాణం పోయింది.

దీనికి ఒకరి జవాబు: జనం రాజన్నాక రాజేనండీ. పాళెగాళ్లను కూడా రాజులనలేదా? అయినా ‘కిల్లేదారు కథ’ అంటే తంబురా పట్టుకుని ఎవరు పాడతారు?

మళ్లీ నేను: పాళెగాడికి వంశం, సొంత సీమ, తన జనం ఉండేవారండీ. ఇతనికి ఉన్నదల్లా తండ్రి చేసిన ఉద్యోగం. కానీ మీ వైపు ఒక సాక్ష్యం నేనే ఇస్తాను. ఆర్కాటు పక్కన రాణిపేట ఉంది కదా, సహగమనం చేసిన దేశింగు భార్య పేరిట ఆ ఊరు కట్టించింది సాదతుల్లా ఖానేనని చెప్పుకుంటారు. ఓడించిన నవాబే ఆమెను రాణి అని ఉంటే, ఇక నా సనదు వాదన ఎవరు వింటారు!